నీరు నిలిచే చోటు తెలిసినవాళ్లు

మే నెలలో కాలువలు కట్టేశాక కోనసీమలో ఏదో ఒక మురుగు కాలువ గట్టు మీద ఓ అర కిలోమీటరు నడవండి. ఊళ్లో పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది. ఊరి మొగలో పూడిక తీసి, గట్టు చెక్కి ఉంటుంది. పేట దాటి శివారుకు వచ్చేసరికి గుర్రపుడెక్క కింద అసలు కాలువే కనబడదు. తూముకు అడ్డంపడిన తాటిదుంగ నాలుగేళ్లుగా అక్కడే నానుతుంటుంది. దుంగ సంగతి పక్క చేను కౌలుకు చేసే రైతుకు తెలుసు, ఆ తూము దగ్గర గాలమేసే కుర్రాడికీ తెలుసు. పనుల జాబితా రాసేవారికే తెలియదు. రాసేచోటికి వీళ్లిద్దరినీ ఎవరూ పిలవరు మరి.

సాగునీటి నిర్వహణ రైతుల చేతికే ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రం 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టింది. రికార్డులో పేరున్న కౌలుదారుకూ అందులో చోటుంది. కానీ డెల్టాలో కౌలంటే చాలావరకు నోటిమాటే. కాగితం రాసిస్తే భూమి చేజారుతుందేమోనని ఆసామికి బెంగ. కాగితం అడిగితే వచ్చే సార్వాకు, అంటే వానాకాలం పంటకు, చేను ఇవ్వరేమోనని కౌలుదారుకు బెంగ. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల పత్రం ఇస్తామన్నా, దానికీ ఆసామి సంతకం కావాలి. దాంతో హైదరాబాదులో కాపురముంటున్న ఆసామికి సంఘంలో ఓటుంది, మోకాలిలోతు నీళ్లలో పంట పోగొట్టుకునే మనిషికి మాట లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్లు చెప్పుకున్న కష్టాల్లో మురుగు దిగకపోవడమూ ఒకటి. ఆ సార్వాలో ఊడ్పుల పని పోయిన కూలీల మాట మాత్రం అప్పుడు పెద్దగా పైకి రాలేదు.

మనకు ఏకగ్రీవమంటే మహా ముచ్చట. 2024 డిసెంబరులో నీటి సంఘాల ఎన్నికలు చాలాచోట్ల అలాగే ముగిశాయి. ఊరంతా కూర్చుని వాదించుకుని ఒక మాట మీదికి వస్తే అది ఏకగ్రీవమే, సంతోషం. ముందురోజు రాత్రి ఒకరి వీధి అరుగు మీద తేలిపోయి, తెల్లారి మిగతావాళ్లు చేతులెత్తితే దానికి ఆ పేరెందుకు? స్థానిక సంస్థల్లో సగం పదవులు మహిళలకు కేటాయించుకున్నాం. అయినా సర్పంచి ఆవిడైతే ‘ప్రెసిడెంటు గారు’ అన్న పిలుపు వాళ్లాయనకు దక్కే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడ సెంటర్లలో కాటన్ దొర గుర్రమెక్కి కనిపిస్తాడు. ఎవరో ఒక్కడొచ్చి అంతా చక్కబెడతాడన్న ఆశ మనకు అక్కడే అలవాటైందేమో. నిజానికి 1852లో పూర్తయిన ఆయన ధవళేశ్వరం ఆనకట్ట కిందకూడా లాకుల దగ్గర, బోదెల వెంట పనిచేసే వేల చేతుల వల్లే నీరు చేలకు ఎక్కింది.

2022ను మరవలేం. మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడం మీద అమలాపురం భగ్గుమంది, ప్రజాప్రతినిధుల ఇళ్లు తగలబడ్డాయి. రెండు నెలలైనా కాకముందే, జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. ఏటిగట్టుకు ఇసుక బస్తాలు వేసేటప్పుడు పక్కన ఎవరున్నారని గోదావరి చూడనివ్వదు. వరద తీశాక ఎవరి కమిటీలు వాళ్లవే: ఎవరి గుడి వాళ్లది, ఎవరి జాతర వాళ్లది. అన్ని కులాలవాళ్లూ లెక్కలు ముందేసుకుని కూర్చునే చాప ఊళ్లో ఒక్కటీ లేకపోతే, ఎవరో పుట్టించిన పుకారుకు అడ్డం పడేవారెవరు?

పదిమంది చేతిలో పాము చావదని సామెత. నిజమే, పని పంచకుండా పేర్లు మాత్రమే చేరిస్తే అలాగే అవుతుంది. కానీ మన ఊళ్లోనే డ్వాక్రా సంఘాలున్నాయి కదా. పదిమంది ఆడవాళ్లు వేళకు కలుస్తారు, పొదుపు కడతారు, పుస్తకం తీసి లెక్క చూస్తారు, అప్పు ఎవరికివ్వాలో ఎదురుగానే తేల్చుకుంటారు. గొడవలు పడరా అంటే పడతారు. సంఘం మాత్రం నడుస్తుంది. కాలువ విషయంలో ఈ పద్ధతి చాలదని ఎవరంటారు?

మురుగు కాలువకు ఊరికో బృందం కావాలని మా అభిప్రాయం. కౌలు రైతు, కూలి, మత్స్యకారుడు, డ్వాక్రా సంఘాల గ్రామ సమాఖ్య మనిషి, రొయ్యల చెరువు ఆసామి అందులో ఉండాలి. చెరువు ఆసామి తప్పక ఉండాలి, ఉప్పునీరు ఎటు వదులుతున్నాడో నలుగురిలో చెప్పాల్సింది ఆయనే. తూము ఒకరికి, లెక్క మరొకరికి అప్పగించాలి. ఏడాదికోసారి బాధ్యతలు మారాలి, కొత్తవాళ్లకు పని అలాగే పట్టుబడుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. గ్రామసభ ఉంది, అక్కడ తీర్మానం చేసుకుంటే చాలు. బృందం గట్టు వెంట నడిచి రాసిన జాబితానే నీటి సంఘం, జలవనరుల శాఖ ముందు పెట్టాలి. శివారు నుంచి మొదలుపెట్టి ఎగువకు రావాలి.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు. మొదటి సమావేశం ఈలోగానే జరగాలి. రామాలయం అరుగు మీద పదింటికి కాదు, పేటలో, రాత్రి ఏడున్నరకు. కూలికి వెళ్లినవాళ్లు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేది అప్పుడే.