మళ్లీ గూడు మారాలట

ఒక సోషల్ మీడియా వదిలి ఇంకోదానికి మళ్లీ మారాలట. ఒడిశాలో, బరంపురంలోని మా చుట్టాలందరినీ ఎన్నో ఏళ్ల కిందట ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైటులో కలుపుకున్నాను. 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. తాతయ్య ఫొటో కింద పర్లాకిమిడి అత్తయ్య తెలుగులో రాసిన నాలుగు వరుసలూ దానితోనే పోయాయి. ఆ బాధ ఇంకా తీరలేదు. తరువాత ఫేస్‌బుక్. పెద్దవాళ్లు అక్కడ కుదురుకునేసరికి పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌కు తరలిపోయారు. స్నేహితులు ఎక్కడుంటే జనం అక్కడికే వెళ్తారు, నలుగురు కదిలితే మిగతావాళ్లూ కదులుతారు. కాదనను. కానీ ఒడియా బడికి వెళ్లే మా పిల్లలకు తెలుగు అక్షరం కంటపడేది ఆ నాలుగు మాటల్లోనే కదా! ఇప్పుడు అత్తయ్య రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో "అందరూ బాగున్నారా?" అని రాస్తుంది. పక్కన రెండు నీలం టిక్కులు పడతాయి. జవాబు మాత్రం ఒక్కరూ రాయరు.