సంతకం అయితే సరిపోదు
బ్రిటన్‌లో పేటెంట్ కొన్నాక పేటెంట్ ఆఫీసు రిజిస్టర్‌లో పేరు మార్చుకోవడం ఉత్త లాంఛనమే, తీరిగ్గా చేసుకోవచ్చు అన్నారు ఈమధ్య ఒక వ్యాసంలో. ఈ మాటతో నేను ఏకీభవించను. అమ్మినవాళ్లు సంతకం పెట్టిన కాగితంతో హక్కు బదిలీ అవుతుంది, నిజమే. 2005 నుంచి కొన్నవాళ్ల సంతకం కూడా అక్కర్లేదు. కానీ 1977 పేటెంట్ల చట్టం 33వ సెక్షన్ చూడండి. మీరు నమోదు చేయించుకునే లోపు అదే పేటెంట్‌ను ఇంకొకరు కొని, మీ లావాదేవీ సంగతి వాళ్లకు తెలియకపోతే, వాళ్లదే పైచేయి. పొలం కొని పాస్‌బుక్‌లో పేరు మార్పించుకోకపోతే వచ్చే చిక్కులాంటిదే. 68వ సెక్షన్ ఇంకో మెలిక: కొన్న ఆరు నెలల్లో నమోదు కాకపోతే, నమోదయ్యేలోగా ఎవరైనా ఆ పేటెంట్‌ను అనుమతి లేకుండా వాడుకున్నందుకు వేసిన కేసు గెలిచినా కోర్టు ఖర్చులు సాధారణంగా రావు. అక్కడ లాయర్ల ఫీజులు తెలిసినవాళ్లకు ఇదెంత దెబ్బో చెప్పక్కర్లేదు. ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు, అంటే పేటెంట్‌ను తాము మాత్రమే వాడుకునే అనుమతి, తీసుకున్నవాళ్లకూ ఇదే రూల్. నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో, నమోదు కోసం కొనుగోలు ఒప్పందం పంపితే ధర అందరికీ తెలిసిపోతుందని ఫైలు బీరువాలోనే ఉంచేశారు. నిజానికి పేరు మార్పుకి పెట్టే దరఖాస్తు, ఫారం 21 మీద అమ్మినవాళ్ల సంతకం ఉంటే ఒప్పందం జత చేయనవసరమే లేదు! తీరా ఆ సంతకం కోసం వెతికితే, అమ్మిన కంపెనీ అప్పటికే మూతపడింది.