లైఫ్ జాకెట్ల దగ్గరే ఆగిపోతే ఎలా?

శరణార్థులు, సరిహద్దుల మీద వచ్చిన కళ గురించి ఒక వ్యాసం చదివాను. చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ 2016లో బెర్లిన్ సంగీత కచేరీ భవనం స్తంభాలకు, శరణార్థులు గ్రీసులోని లెస్బోస్ దీవిలో వదిలేసిన దాదాపు 14,000 లైఫ్ జాకెట్లు చుట్టడాన్ని ఆ వ్యాసం ఆకాశానికెత్తేసింది. చూడగానే గుండె గుభేలుమంటుంది, కాదనను. కానీ ఆ నారింజ రంగు రాశిలో మనిషి ఎక్కడ? ఎవరు, ఎక్కడికి పోవాలనుకున్నారు అన్నది ఏమీ తెలియదు.

వ్యాసంలో ఊసే లేని ఎమిలీ జాసిర్ నాకు ఇంతకంటే ఎక్కువ నచ్చుతారు. పాలస్తీనా మూలాలున్న ఈ కళాకారిణి దగ్గర అమెరికా పాస్‌పోర్ట్ ఉంది. దాంతో ఆమె తిరగగలిగిన చోట్లకు తిరగలేని పాలస్తీనా వాళ్లను 'మీ తరఫున అక్కడ నన్నేం చేయమంటారు?' అని అడిగారు. ఒకరు జెరూసలేంలో అమ్మ సమాధి మీద పూలు పెట్టమన్నారు. ఇంకొకరు ఇజ్రాయెల్ నగరం హైఫాలో మొదట కనిపించిన పాలస్తీనా కుర్రాడితో ఫుట్‌బాల్ ఆడమన్నారు. మరొకరైతే ఫోన్ బిల్లు కట్టి రమ్మన్నారు! 2001-03 మధ్య ఆ పనులు చేసి, కోరికల పక్కనే ఫొటోలు పెట్టి ప్రదర్శించారు. సరిహద్దు మనిషి నుంచి ఏం లాక్కుంటుందో ఆ ఫోన్ బిల్లు చెప్పినంత బాగా జాకెట్ల గుట్ట చెప్పలేదు.

ఇక స్విస్ కళాకారుడు క్రిస్టోఫ్ బ్యూషెల్ సంగతి. 2015 ఏప్రిల్‌లో వందలమంది వలసదారులను ముంచేసిన పడవనే తెచ్చి 2019 వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో నిలబెట్టారు. పక్కన వివరించే బోర్డు లేదు, దగ్గర్లోనే కెఫే. జనం సెల్ఫీలు దిగారు. దీన్ని కూడా ఆ వ్యాసం 'ధైర్యం' అని మెచ్చుకోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు.