కక్ష్యలో ఎవరి వాటా ఎంత?

ఏ దేశానికి ఎన్ని ఉపగ్రహాలున్నాయో చెప్పే పట్టికల్లో అమెరికాది ఎవరికీ అందని మొదటి స్థానం. 2023 మే నాటికి ప్రపంచంలో పనిచేస్తున్న ఉపగ్రహాలు 7,500కు పైగా ఉంటే, వాటిలో 5,000కు మించి ఆ దేశానివే. చైనావి 600 పైచిలుకు. 1957లో స్పుత్నిక్‌తో అంతరిక్ష యుగానికి తెరతీసిన సోవియట్ యూనియన్ వారసత్వం అందుకున్న రష్యాకు అప్పటికి 200 కూడా లేవు.

అయితే ఈ అంకెలను దేశాల బలాబలాలుగా చదవడం పొరపాటు. అమెరికా ఖాతాలో అత్యధికం స్టార్‌లింక్ అనే ఒక్క ఇంటర్నెట్ సేవవి. 2019 మేలో 60 ఉపగ్రహాలను ఒకే రాకెట్‌లో పంపిన, ఆ సేవను నడిపే స్పేస్‌ఎక్స్ కంపెనీ, నాలుగేళ్లు తిరిగేసరికి అమెరికా మినహా దేశాలన్నీ కలిసినా తూగలేనన్ని ఉపగ్రహాలకు యజమాని అయింది. బ్రిటన్ పేరు పైవరుసలో కనిపించడానికీ వన్‌వెబ్ అనే ఇంటర్నెట్ ఉపగ్రహాల సమూహమే కారణం. మరోవైపు ప్రపంచమంతటా ఫోన్లకు దారి చూపే జీపీఎస్‌కు 30 పైచిలుకు ఉపగ్రహాలే సరిపోతున్నాయి.

మా ఆందోళన చోటు గురించి. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోని దిగువ కక్ష్యలో రేడియో ఫ్రీక్వెన్సీలకు అంతర్జాతీయ నియమాలున్నాయి గానీ, ఎన్ని ఉపగ్రహాలు ఉండొచ్చన్న పరిమితి లేదు. ముందు వెళ్లినవారిదే జాగా. చైనా కూడా వేల ఉపగ్రహాల సమూహాలకు 2024లో శ్రీకారం చుట్టింది. 2017లో ఘనా, 2018లో భూటాన్ అరచేతిలో పట్టేంత తొలి ఉపగ్రహాలను పంపుకున్నాయి. రేపు అవి పెద్దవి పంపాలనుకుంటే ఖాళీ ఎక్కడ?

ప్రమాదం ఊహ కాదు. 2009 ఫిబ్రవరి 10న సైబీరియాపై దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున, చక్కగా పనిచేస్తున్న అమెరికా కంపెనీ ఉపగ్రహం ఇరీడియం-33, ఎప్పుడో మూలపడిన రష్యా కాస్మోస్-2251 ఢీకొన్నాయి. వేగం సెకనుకు 11 కిలోమీటర్లకు పైనే. రెండూ తునాతునకలయ్యాయి, గుర్తించగలిగిన ముక్కలే దాదాపు 2,000. ఆ ఎత్తున గాలి దాదాపు లేనట్టే కాబట్టి శకలాలు దశాబ్దాల తరబడి తిరుగుతూనే ఉంటాయి.

ప్రైవేటు కంపెనీ అంతరిక్షంలో ఏం చేసినా బాధ్యత దాని దేశానిదేనని 1967 నాటి అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం స్పష్టంగా చెబుతోంది. పని ముగిసిన ఉపగ్రహాన్ని ఐదేళ్లలోపు కక్ష్య నుంచి దించేయాలని 2022లో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ పెట్టిన నిబంధన మెచ్చుకోదగ్గది. కానీ అది తన అనుమతి తీసుకునేవారికే వర్తిస్తుంది. అదే గడువు అందరికీ వర్తించాలి, రద్దీ ఎత్తుల్లో పరిమితి ఉండాలి, కొత్తగా వచ్చే దేశాలకు కొంత జాగా అట్టిపెట్టాలి. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరుగుతాయి గనుక, ముందుగా ఒప్పుకోవాల్సింది అమెరికా, చైనాలే.