శుక్రవారం ఓడినవారే ధన్యులు

ఏటా మార్చి నెల మూడో వారాంతంలో న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగంలో, అడిరాండాక్ కొండల నడుమ, లేక్ ప్లాసిడ్ అనే చిన్న ఊళ్లో ఒక గంభీరమైన కార్యక్రమం జరుగుతుంది. ఈసీఏసీ అనే పన్నెండు విద్యాసంస్థల కూటమి తన ఐస్ హాకీ విజేతను అక్కడ తేలుస్తుంది. శుక్రవారం రెండు సెమీఫైనల్స్, శనివారం ఫైనల్, గెలిచినవారికి వైట్‌లా కప్పు. హాకీ అనగానే పచ్చికనూ ధ్యాన్‌చంద్‌నూ తలచుకునే పాఠకులకు ఒక మనవి. ఇక్కడ బంతి ఉండదు, మంచు మీద జారే రబ్బరు బిళ్ల ఉంటుంది. అది కంటికి చిక్కదు కాబట్టి పక్కవాళ్లు లేచినప్పుడు మనమూ లేస్తే సరిపోతుంది.

విజేతను తేల్చడమంటే గెలిచినవారికి మేలు చేయడమని అమాయకులు అనుకుంటారు. 2023 సంగతి చూడండి. ఆ శుక్రవారం క్విన్నిపియాక్ జట్టు రెండో ఓవర్‌టైములో కోల్గేట్ చేతిలో ఓడింది. కార్నెల్ ఓవర్‌టైములో ఒకే ఒక్క గోలుతో హార్వర్డ్ చేతిలో ఓడింది. మర్నాడు కోల్గేట్ 3-2తో హార్వర్డ్‌ను ఓడించి 1990 తర్వాత మొదటిసారి కప్పెత్తింది. (అవును, మన స్నానాల గదిలో కనిపించే పేరే. ఆ సబ్బుల కుటుంబం ఇచ్చిన విరాళాలకు కృతజ్ఞతగా 1890లో విశ్వవిద్యాలయం ఆ పేరు పెట్టుకుంది.) ఆరు రోజులు గడిచాయో లేదో, జాతీయ టోర్నమెంటులో మిషిగన్ 11-1తో కోల్గేట్ పళ్లు రాలగొట్టింది. రన్నరప్ హార్వర్డ్‌కు 8-1తో ఒహాయో స్టేట్ సన్మానం చేసింది. మరి శుక్రవారమే మూట సర్దుకున్నవారు? (ఇక్కడ ఓడినా, ఏడాది పొడవునా ఆడిన తీరును బట్టి జాతీయ టోర్నమెంటుకు పిలుపు రావచ్చు.) కార్నెల్ వెళ్లి, అంతకు ముందేడు జాతీయ విజేత అయిన డెన్వర్‌ను 2-0తో ఇంటికి పంపింది. క్విన్నిపియాక్ ఏకంగా జాతీయ విజేత అయి కూర్చుంది. ఫైనల్లో ఓవర్‌టైము మొదలైన పది సెకన్లకే గోలు కొట్టి మిన్నెసోటాను ముగించింది.

కాబట్టి లేక్ ప్లాసిడ్‌లో ఓటమి వరం, కప్పు గండం అని శాస్త్రీయంగా రుజువైంది. ఒక్క ఏడాది లెక్కలతో సిద్ధాంతమా అని అడిగేవారు 2019 కూడా చూసుకోవచ్చు. ఆ ఏడు ఫైనల్లో ఓడిన కార్నెల్ తర్వాతి వారం నార్త్‌ఈస్టర్న్‌ను 5-1తో చిత్తు చేసింది. ఇంత సాక్ష్యం కళ్లెదుట ఉన్నా తమ జట్టు ఓడితే ఏడ్చే అభిమానుల్ని ఏమనాలి? పైగా వీళ్లలో చాలామంది అమెరికాలోకెల్లా ఖరీదైన చదువు చదువుకున్నవారు.

చదువు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. పత్రికలు చదివే అలవాటు అంతరించిపోతోందని వాపోయే సంపాదకులు కార్నెల్ అభిమానుల దర్శనం చేసుకోవాలి. ప్రత్యర్థి ఆటగాళ్ల పేర్లు ఒక్కొక్కటే ప్రకటిస్తుంటే వీరు విద్యార్థుల దినపత్రికను ముఖాలకు అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తారు, ప్రతి పేరుకూ 'విసుగు!' అని అరుస్తారు. జాతీయ గీతంలో ఎరుపు అన్న మాట రాగానే అది తమ జట్టు రంగు కాబట్టి హాలు పైకప్పు అదిరేలా కేక పెడతారు. గోలు పడిందంటే చాలు, పాపం ఆ గోల్ కీపర్ని 'జల్లెడ, జల్లెడ' అని పిలుస్తారు. ఈ బిరుదు దేశంలోని కళాశాల హాకీ అంతటా చెల్లుతుంది. ఇథకాలోని సొంత రింకులోనైతే హార్వర్డ్ జట్టు మీదికి చేపలు విసురుతారు. 1970లలో హార్వర్డ్ వారు కార్నెల్ వ్యవసాయ కళాశాలను వెక్కిరిస్తూ కోడిని తెచ్చారనీ, ఆ చేపలు దానికి జవాబనీ చెబుతారు. ఈ రెండు సంస్థల్లో సీటు కోసం మన పిల్లలు ఎన్నేళ్లుగా నిద్ర మానుకుంటున్నారో తల్లిదండ్రులకు తెలుసు. కోడీ చేపా అంశాలు సిలబస్‌లో ఉన్నాయని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆట జరిగే హాలు గురించి రెండు మాటలు. 1980 శీతాకాల ఒలింపిక్స్‌లో అమెరికా కళాశాల కుర్రాళ్లు సోవియట్ జట్టును 4-3తో ఓడించిన హాలు అదే. ఇప్పుడు దానికి ఆనాటి కోచ్ హెర్బ్ బ్రూక్స్ పేరు పెట్టారు. అది ఫైనల్ కాదనీ, బంగారు పతకానికి తర్వాత ఫిన్లాండ్‌ను కూడా ఓడించాల్సి వచ్చిందనీ అక్కడ ఎవరితోనూ అనకండి. ముఖాలు మాడిపోతాయి. ఆ రోజు ఆ హాలులో ఉన్నామని చెప్పుకునేవారందరికీ సీట్లు వేయాలంటే అడిరాండాక్ అడవి సగం కొట్టాలి. అద్భుతం మళ్లీ జరుగుతుందేమోనన్న ఆశ ఆ కుర్చీల్లో కూర్చున్న ప్రతివాడికీ పుడుతుంది. ఆ ఆశకు హోటళ్లవాళ్లు విడిగా అద్దె వేయడం లేదంటే నేను నమ్మను.

ఈ పోటీల్లో సమం అన్న మాట లేదు. ఎవరో ఒకరు గోలు కొట్టేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఆట సాగుతూనే ఉంటుంది. 2010 క్వార్టర్ ఫైనల్లో క్విన్నిపియాక్, యూనియన్ జట్లు ఐదో ఓవర్‌టైము దాకా, మొత్తం 150 నిమిషాలకు పైగా ఆడాయి. పైన వివరించిన సిద్ధాంతం ప్రకారం ఇందులో వింతేమీ లేదు. ఓడే భాగ్యం తనకే దక్కాలని ఇద్దరూ పట్టుబట్టారు, అంతే.

అందుచేత కూటమికి నా ప్రతిపాదన ఇది. ఫైనల్ గెలిచిన జట్టుకు కప్పుతో పాటు వారం రోజుల సెలవూ, ఒక వైద్యుణ్ణీ ఇవ్వాలి. సెమీఫైనల్లో ఓడినవారికి శనివారం ఊరేగింపు జరపాలి.

దీనికి అడ్డొస్తున్నది ఒక్క కార్నెల్. 2024లోనూ 2025లోనూ కప్పు గెలిచింది. గెలిచి ఊరుకుందా? రెండుసార్లూ తర్వాతి వారం జాతీయ టోర్నమెంటులో మొదటి ఆట కూడా గెలిచింది, మొదట మేన్ మీద, మరుసటి ఏడు మిషిగన్ స్టేట్ మీద. ఇది పచ్చి క్రమశిక్షణ రాహిత్యం. సంజాయిషీ అడుగుదామంటే కోచ్ మైక్ షేఫర్ 2025లో పదవీ విరమణ చేశారు. నోటీసు ఆయన స్థానంలోకి వచ్చిన కేసీ జోన్స్ అందుకోవాలి. ఆయన విషయంలో నాకు బెంగ లేదు. 2019లో క్లార్క్‌సన్ కోచ్‌గా ఇదే కప్పు గెలిచి, మరుసటి వారమే నోటర్ డేమ్ చేతిలో మొదటి ఆటలోనే ఓడి వచ్చారు. పద్ధతి తెలిసిన మనిషి.