పెట్టెలకు పూర్ణకుంభం

మా కాలనీ వినాయకుడు ఈసారి నిమజ్జనానికి రెండో బండిలో వెళ్ళాడు. మొదటి బండి స్పీకర్లది. దీన్ని తప్పు పట్టేవాళ్ళు లోకం తీరు తెలియనివాళ్ళు. స్వామివారు మట్టి మనిషి, పదకొండో రోజు హుస్సేన్‌సాగర్‌లో కలిసిపోయేవారు. స్పీకర్లకు అలా కాదు. వాటికి ముందు దసరా ఉంది, ఆపైన పెళ్ళిళ్ళు ఉన్నాయి, డిసెంబరు 31 ఉంది. అందుకే చినుకులు మొదలవగానే కమిటీ కుర్రాళ్ళు పరుగెత్తుకెళ్ళి పెట్టెల మీద టార్పాలిన్ కప్పారు. స్వామివారు తడిశారు. ఎలాగూ తడవబోయేవారే కదా.

ఆ ఊరేగింపు వైభవం చెప్పి తీరాలి. మా సందు అంతా కలిపి రెండు వందల మీటర్లుంటుంది. అది దాటడానికి గంటన్నర పట్టింది. లారీ మీద పదహారు పెట్టెలు, నాలుగు వరుసలు. ముందు ఇద్దరు కుర్రాళ్ళు వెదురు గడలతో కరెంటు తీగలను పైకెత్తి పట్టుకుని, పెట్టెలకు ఎక్కడ తగులుతాయోనని కన్నార్పకుండా నడుస్తున్నారు. ఏ రాజుకూ ఛత్రచామరాలు అంత శ్రద్ధగా పట్టి ఉండరు. వెనుక జనరేటరు బండి. పెట్టెల మధ్య గొడుగు కింద ఒక యువకుడు ల్యాప్‌టాప్ ముందు నిలబడి, చెవికి ఒకవైపే హెడ్‌ఫోను ఆనించుకుని, మీట మీద వేలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఏదో మహా స్వరప్రస్తారం జరుగుతుందనుకున్నాను. మీట నొక్కాడు. అంతే. నొక్కి, చెయ్యి పైకెత్తి జనానికి అభివాదం చేశాడు.

మా వంటింట్లో స్టీలు గ్లాసులు అల్మారాలోంచి ఒక్కొక్కటే నడిచి వచ్చి దూకాయి. కుక్కరు ఎన్ని కూతలు వేసిందో మా ఆవిడకు వినపడక పప్పు మాడింది. కింద నిలిపిన కార్లన్నీ అదురుకు ఉలిక్కిపడి, తలా ఒక శ్రుతిలో అలారం అందుకున్నాయి. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తం మీద అప్పటికప్పుడు గొంతెత్తి పాడినవి అవే. రెండో అంతస్తులో ఆరేసిన తుండుగుడ్డ ఒకటి గాలికి జారి అన్నిటికంటే పై పెట్టె మీద శాలువాలా పడింది. సన్మానం కూడా అయిపోయింది.

ఇంతకీ ఆ పెట్టెలు వాయించింది ఏమిటి? తీన్‌మార్. అంటే డప్పు దరువు. ఎవరో, ఎక్కడో, ఎప్పుడో వాయించిన డప్పును యంత్రంలోకి ఎక్కించి, దానికి నాలుగు ఈలలు కలిపి వదిలారు. సందు మలుపులో, టీ కొట్టు పక్కన, అసలు డప్పులవాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. చెత్త కాగితాలతో చిన్న మంట వేసి, డప్పులు కాచి, తోలు బిగిసిందో లేదో వేలితో కొట్టి చూసుకుంటున్నారు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. ఎవరైనా పిలుస్తారేమోనని పొద్దుటి నుంచి ఉన్నారట. డప్పు మోత వాళ్ళ ముందు నుంచే లారీ ఎక్కి వెళ్ళింది. వాళ్ళూ చూశారు.

ఈ ఊరికి మోత కొత్త కాదు, ఎవరూ నాకు పాఠం చెప్పనక్కర్లేదు. నిజాం కాలంలో అరబ్బు దేశాల నుంచి, ఆఫ్రికా నుంచి సైన్యంలోకి వచ్చినవాళ్ళు తమ వెంట తెచ్చుకున్న మర్ఫా అనే వాద్యాల మోత ఇక్కడి పెళ్ళిళ్ళలో కలిసిపోయింది. ఏసీ గార్డ్స్ అంటే చల్లగాలి యంత్రానికి కాపలా అనుకునేవాళ్ళున్నారు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ గుర్రపు దళం, ఉన్న పేట. మర్ఫా బరాత్ వస్తుంటే నేనూ కిటికీలోంచి తల బయటపెట్టినవాడినే. ఆ మోతకు ఒక మర్యాద ఉండేది. వాయించేవాడికి చేతులు నొప్పి పుట్టేవి. పెట్టెకు నొప్పి లేదు.

ఇక చట్టం సంగతి. మన దేశంలో శబ్దానికి 2000లో నియమాలు వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా వస్తుంది కాబట్టి, టమాటా ధర గురించి నేనూ మా ఆవిడా రోజూ చేస్తున్నది నేరమే. సరిదిద్దుకుంటాం. ఊరేగింపు దగ్గర నా ఫోనులో కొలిస్తే 105 చూపించింది. తేడా యాభయ్యే కదా అనుకోకండి. ఈ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది, యాభై పెరిగితే లక్ష రెట్లు. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలమని కూడా ఆ నియమాల్లో ఉంది. మా కాలనీ చివర ప్రసూతి ఆసుపత్రి ఉంది. అక్కడ ఆ సాయంత్రం పుట్టిన పిల్లలు ఏడ్చారో లేదో చెవితో చెప్పగలిగినవారు లేరు.

2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ ఆదేశం మా సందులో అక్షరాలా అమలవుతోంది. ఇప్పుడు వచ్చేది డీజే కాదు, సౌండ్ సిస్టం. కమిటీ అధ్యక్షుడు నాకు వివరంగా చెప్పాడు, గొంతు చించుకుని.

ఇదంతా బస్తీ మోటుతనం, పబ్బుల్లో వేరుగా ఉంటుందని మా మేనల్లుడి వాదన. ‘మామయ్యా, మీకు సంగీతం ఇష్టం కదా’ అని జూబ్లీహిల్స్‌కు తీసుకెళ్ళాడు. గుమ్మంలో ‘లైవ్ మ్యూజిక్’ అని బోర్డు. నిజమే, ఒక మూల గిటారు పట్టుకుని ఒక పిల్లవాడు పాడుతున్నాడు. చక్కని గొంతు. అతని నెత్తి మీద తెరలో క్రికెట్. మాటలు వినపడటం లేదని పక్క బల్లవాళ్ళు అతని మైకు తగ్గించమన్నారు, తగ్గించారు. తొమ్మిదింటికి అతను గిటారును సంచిలో పెట్టుకున్నాడు, ల్యాప్‌టాప్ యువకుడు వచ్చాడు. ఇక తగ్గించమని ఎవరూ అనలేదు. అన్నా వినపడదు. ఆ పేట పబ్బుల కేసులో రాత్రి పది దాటాక మోత వద్దని 2022లో హైకోర్టు చెప్పవలసి వచ్చింది. పాడే పిల్లవాడి మీద ఎవరూ కోర్టుకు వెళ్ళి ఉండరు.

ఇంతవరకు నవ్వుతూనే భరించాను. నిమజ్జనమైన పక్షం రోజులకు బతుకమ్మ వచ్చింది, అదే లారీ కూడా వచ్చింది.

బతుకమ్మకు కావలసింది తంగేడు, గునుగు, బంతి, చుట్టూ తిరగడానికి ఆడవాళ్ళు. అంతే. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు ‘ఉయ్యాలో’ అని అందుకోవాలి. అందుకోవడమే పండుగ. గుడి లేదు, మంత్రం లేదు, చదువు అక్కర్లేదు, గొంతు బాగుండాలని కూడా లేదు. తల్లి వెనుక నడుస్తూ, తల్లి వంగినప్పుడు వంగి, చప్పట్లు కొడుతూ పిల్ల నేర్చుకునే పాట అది. ఆ పాటను పెట్టెలో పోసి పదహారు నోళ్ళతో ఆ తల్లి నెత్తినే గుమ్మరిస్తారా? ఎవరిచ్చారు మీకు ఆ హక్కు? మా పై అంతస్తులో ఉండే పెద్దావిడకు ఎనభై దాటాయి. వరంగల్ వైపు పల్లె నుంచి తెచ్చుకున్న పాటలు తొమ్మిది రోజులకు తొమ్మిది రకాలు ఆమె నోట్లో ఉన్నాయి. ఆ రోజు వలయంలో నిలబడి పెదాలు కదిపింది. వెనుక ఉన్న మనవరాలికి ఆ పెదాలు కనిపించలేదు, పాట వినిపించలేదు. పిల్ల ఫోను తీసి పెట్టెలను వీడియో తీసుకుంది. సిగ్గు లేని పని చేశాం మనం. ఆ ముసలమ్మ తర్వాత ఆ పాటలు ఏ లారీలో వెతుకుతారు?

ఈ మాటలే కమిటీ అధ్యక్షుడి ముఖం మీద అందామని కిందికి దిగాను. రసీదు పుస్తకంతో ఆయనే ఎదురొచ్చాడు. పెట్టెకు రెండడుగుల దూరంలో నిలబడి అన్నీ అన్నాను, నా జీవితంలో ఎవరినీ అనని మాటలు కూడా. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నవ్వుతూ తల ఊపుతూ ఓపికగా చూశాడు. తర్వాత నా భుజం తట్టి, రసీదు చింపి చేతిలో పెట్టాడు. సౌండ్ నిమిత్తం, అయిదు వందలు.