మహారాజశ్రీ 'వేడి చేసింది' గారికి ఒక పంతులమ్మ విన్నపం

మహారాజశ్రీ 'వేడి చేసింది' గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే అయినా, గత వేసవిలో పది రోజులపాటు ఇటువైపు కుశలం లేకపోవడంలో తమరి పాత్ర గణనీయమైనది కనుక ఆ మర్యాదను ఈసారికి పక్కన పెడుతున్నాను.

తమరి పరిపాలన ఎంత విస్తారమైనదో తెలుగునాట పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. కళ్ళు ఎర్రబడితే తమరు, నోరు పూస్తే తమరు, సెగగడ్డ లేస్తే తమరు, మామిడిపండు తిన్నా కోడిగుడ్డు తిన్నా తమరే. ఇన్ని శాఖలలోనూ తమరు మరొకరిని వేలు పెట్టనివ్వని శాఖ మూత్రంలో మంట. నా ఫిర్యాదు ఆ శాఖ గురించే.

మా బడిలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ లేదు. ఒకరు వెళితే మరొకరు బయట కాపలా నిలబడాలి, ఆ మరొకరికి అదే సమయంలో క్లాసు ఉంటుంది. అందుచేత ఉదయం తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నీళ్ళు తాగకుండా, వచ్చినదాన్ని ఆపుకుంటూ ఉండే విద్యలో మేమంతా ఆరితేరాము. మూత్రవేగాన్ని ఆపుకోరాదని, ఆపుకుంటే పొత్తికడుపులో నొప్పి, మూత్రవిసర్జనలో బాధ కలుగుతాయని చరకుడు ఎప్పుడో చెప్పాడు గానీ, ఆయనకు మా బడి మరుగుదొడ్డి తలుపు సంగతి తెలియదు.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చి ఒంటికి వెళితే సుర్రుమని మంట పుట్టింది. వచ్చి కూర్చున్న రెండు నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపించేది, వెళితే నాలుగు చుక్కలు. మా అత్తగారు నా నడక చూసి, నేను నోరు విప్పకముందే, "వేడి చేసిందమ్మా" అని తీర్పు చెప్పేశారు. వెంటనే బార్లీ నీళ్ళు కాచారు, సబ్జా గింజలు నానబెట్టారు, బొడ్డులో ఆముదం వేశారు. మావారు "చల్లగా ఏదైనా తాగు" అని పేపరులోకి వెళ్ళిపోయారు. తమరి పేరు వినిపించిన తరువాత ఇక ఆ ఇంట్లో ఎవరూ ఏ ప్రశ్నా అడగరు.

తమరి బలం ఎక్కడున్నదో నాకు అప్పుడే అర్థమైంది. పదిమందిలో చెప్పుకోలేని చోటి నొప్పికి, మామగారి ఎదుట కూడా చెప్పుకోగలిగిన పేరు తమరిది. కొత్తకోడలు మొదలుకొని ముట్లుడిగిన అమ్మమ్మ దాకా, తమరి చాటున తలదాచుకోని ఆడదాన్ని నేను ఇంతవరకు చూడలేదు. ఆ మేరకు తమరికి కృతజ్ఞతలు చెప్పవలసిందే. చిక్కల్లా ఆ పేరు చెప్పి ఊరుకోవడంతోనే వస్తున్నది.

రెండోరోజు మందుల దుకాణంలోనూ తమరి పేరే చెప్పాను. కౌంటరు దగ్గరి కుర్రవాడు చీటీ అడగకుండానే నాలుగు నైట్రోఫ్యూరంటాయిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు, మంట తగ్గించే సిరప్ ఒకటి ఒకే కవరులో వేసి ఇచ్చాడు. రెండు మాత్రలకే మంట తగ్గడంతో మిగిలిన రెండూ మరొకసారికి పనికివస్తాయని డబ్బాలో దాచుకున్నాను. నాలుగోరోజు రాత్రి చలిజ్వరం, నడుముకు పైన ఒక పక్క పోటు, వాంతులు.

డాక్టరమ్మ ఆ కవరు చూసి తల పట్టుకున్నారు. ఆ మాత్ర బాగా పనిచేయాలంటే మూత్రంలో ఆమ్లగుణం ఉండాలట, ఆ సిరప్ చేసే పని ఆ ఆమ్లాన్ని తగ్గించడమేనట. ఇక ఇన్ఫెక్షన్ మూత్రపిండం దాకా పాకిన తరువాత ఆ మాత్రల కోర్సు మొత్తం వేసుకున్నా చాలదట. మొదటి ధార వదిలి మధ్యలోది సీసాలో పట్టించి, ఏ క్రిమి ఉన్నదో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపి, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మాత్రలు మింగకముందే ఈ పరీక్ష చేయిస్తే ఫలితం మరింత స్పష్టంగా ఉండేదని మెత్తగానే చీవాట్లు పెట్టారు. రిపోర్టులో తమరి పేరు లేదు, ఈ.కోలై అని ఉన్నది. పేగులలో కాపురముండే ఈ క్రిమికి మూత్రాశయం చేరడానికి ఆడవాళ్ళలో దాటవలసిన నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్ళలో సుమారు 20. నేను తిన్న మామిడిపండు ఈ లెక్కలో ఎక్కడా రాలేదు.

మన వైద్యాన్ని ఇంగ్లీషు వైద్యం కించపరుస్తున్నదని తమరు వాపోవచ్చు. అదే చరకుడు మూత్రకృచ్ఛ్రాన్ని, అంటే మూత్రం బాధతో రావడాన్ని, ఎనిమిది రకాలుగా విడదీశాడు, అందులో రాళ్ళవల్ల వచ్చేదాన్ని వేరుగా లెక్కపెట్టాడు. ఎనిమిదింటినీ కలిపి ఒకే ముద్ద చేసిన ఘనత తమరిదే. మా బాబాయికి తమరి పేరుతో నెలరోజులు మజ్జిగ పోశాక స్కానింగులో రాయి కనిపించింది. సుఖవ్యాధి వచ్చిన కుర్రవాడూ, ప్రోస్టేటు వాచిన తాతగారూ, నెలసరులు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి ఆ చోటి లోపలి పొర పలచబడిన అమ్మమ్మా, అందరూ తమరి గొడుగు కిందే బార్లీ తాగుతున్నారు.

తమరి మాటలో ఇసుమంత నిజం లేకపోలేదు. రోహిణీ కార్తెలో నీళ్ళు చాలకపోతే మూత్రం చిక్కబడి చురుక్కుమంటుంది, నాలుగు చెంబులు తాగితే సర్దుకుంటుంది. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వస్తూ, నీళ్ళు తక్కువ తాగే 140 మంది స్త్రీలపై జరిపి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకు లీటరున్నర నీళ్ళు అదనంగా తాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు, తాగనివారికి 3.2 సార్లు వచ్చింది. అయితే అది రాకుండా కాచుకునే ఉపాయం, వచ్చి కూర్చున్నదాన్ని వెళ్ళగొట్టేది కాదు.

కనుక నా విన్నపమేమనగా, తమరు ఏ ఇంటికి వచ్చినా ఒకటి రెండు రోజుల చుట్టంగా ఉండి వెళ్ళండి. జ్వరం, చలి, వాంతులు, నడుము పక్క పోటు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనబడినా ఆ గంటలోనే లేచిపోండి. గర్భిణులు, చక్కెర వ్యాధి ఉన్నవారు, చిన్నపిల్లలు, మగవాళ్ళు ఉన్న గుమ్మం అసలు తొక్కకండి, వాళ్ళను ఆ మంటతో మొదటిరోజే డాక్టరు దగ్గరికి పోనివ్వండి.

ఈ లేఖను పోస్టు చేసేముందు మా అత్తగారికి చదివి వినిపించి, రిపోర్టు కూడా చూపించాను. ఆమె కళ్ళజోడు సవరించుకొని ఆ క్రిమి పేరును రెండుసార్లు కూడబలుక్కొని, "వేడికే పుట్టి ఉంటుంది, పాడు పురుగు" అన్నారు.

ఇట్లు,
డబ్బాలో మిగిలిన రెండు మాత్రలనూ డాక్టరమ్మకు అప్పగించిన
మీ మాజీ భక్తురాలు